పెట్రోలు మూత తీశాక మిగిలిన నొప్పి

దగ్గరికి జరగండి. వెనకాల గోడకి ఆనుకున్న తల్లీ, నువ్వూ ముందుకు రా. పైవాడు మనకి రెండు చెవులిచ్చాడు, ఒకటి మాట వినడానికి, ఒకటి మాట వెనక మూలుగు వినడానికి. కాసేపు ఆ రెండూ ఇటు పెట్టండి.

ఒక సందు చివర ఒక మెకానిక్ ఉండేవాడు. ముందు రేకుల షెడ్డు, వెనక వంటిల్లు, మధ్యలో ఒక్క గోడ. పొద్దున్నే తలుపు తీసి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, వచ్చిన బండి ఇంజను మీద ఎడమ అరచెయ్యి ఆనించేవాడు. బండికి ఎక్కడ జబ్బు ఉంటే ఆయనకి అక్కడ పట్టుకునేది. చెయిను వదులైతే మోకాలు జారేది. బ్యాటరీ నీరసిస్తే ఆవలింతలు. పెట్రోలు సరిగా అందకపోతే గొంతు బిగుసుకునేది. బండి బాగవగానే నొప్పీ పోయేది. అందుకే బండి తెచ్చినవాళ్లు "ఏమైందండీ?" అనేవారు కాదు, "ఎక్కడ నొప్పి?" అని అడిగేవారు. భార్యకి మాత్రం విసుగు. "కూరగాయలు తెమ్మన్న రోజే ఎవరిదో టైరు పంక్చరవుతుంది, ఈయన కాలు లేవదు!" అనేది.

ఆయన మేనకోడలు ఉత్తరాలు పంచేది. అందరూ పోస్టమ్మ అని పిలిచేవారు. తన పాత మోటార్‌సైకిల్ దారిలో మొరాయించినప్పుడల్లా మామయ్య కోసం పరిగెత్తలేక, సెలవు రోజుల్లో పని నేర్చుకోడానికి వచ్చేది. ఎంతసేపు చెయ్యి ఆనించినా ఆమెకి ఇంజను వేడి తప్ప ఇంకేమీ తెలిసేది కాదు.

"నాకు నొప్పి చెబుతుందే అమ్మాయ్, నీకు వరసే చెప్పాలి," అన్నాడు మామయ్య. "ముందు స్పార్కు చూడు. తర్వాత పెట్రోలు. తర్వాత ఇంజను బిగువు. ఒకసారి ఒక్కటే ముట్టుకో."

ఒకసారి ఆమె తొందరపడి ప్లగ్గు మార్చి, కార్బురేటర్ కూడా కడిగేసింది. బండి లేచింది. పిల్ల మొహం వెలిగిపోయింది.

"ఏది మారిస్తే లేచింది?" అన్నాడాయన.

"రెండూనేమో, మామయ్యా."

"ఏమో అన్నావంటే బండి బాగుపడింది, నువ్వు బాగుపడలేదు," అని పాత ప్లగ్గు మళ్లీ బిగించి, మొదటినుంచి చేయించాడు.

ఒక సెలవు రోజు పొద్దున రొట్టెలమ్మే ఆయన తన బండి తోసుకుంటూ వచ్చాడు. రొట్టెలు పెట్టుకోడానికి పక్కన తొట్టి ఉన్న ముసలి మోటార్‌సైకిల్ అది. "పది నిమిషాలు బంగారంలా నడిచి ఠపీమని పడుకుంటుంది. కాసేపు వదిలేస్తే మళ్లీ లేస్తుంది. అచ్చం మా మామగారే," అన్నాడు.

మెకానిక్ చెయ్యి ఆనించాడు. గొంతు బిగుసుకుంది. అది మామూలే. కానీ నుదుటి మీద చెమట పట్టింది. కుడిచెయ్యి గుండె మీదికి వెళ్లింది.

"ఎడమ చెయ్యి భుజం దాకా లాగేస్తోంది," అన్నాడు, ముక్కాలిపీట మీద కూలబడుతూ. "పిస్టన్ పట్టేస్తోంది. ఇంజను విప్పు."

"ఎంతసేపు పడుతుంది మామయ్యా?"

"సాయంత్రం దాకా."

అత్తయ్య వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. "చూస్తూ నిలబడ్డావేమిటే? విప్పు! ఆయన తట్టుకోలేకపోతున్నారు."

పోస్టమ్మ స్పానర్ పట్టుకుంది. పట్టుకుని, కింద పెట్టేసింది.

"వరసగా చూస్తాను అత్తయ్యా."

"వరసలకి ఇదా వేళ!"

పోస్టమ్మ ప్లగ్గు విప్పి, ఇంజను ఇనుముకి ఆనించి, కిక్కు కొట్టింది. నీలి రవ్వ టక్కున ఎగిరింది. స్పార్కుంది. ప్లగ్గు బిగించేసి, పెట్రోలు గొట్టం లాగి డబ్బాలోకి పట్టింది. ధార వచ్చింది, సన్నబడింది, చుక్కలైంది, ఆగింది. ట్యాంకు చూస్తే నిండుగా ఉంది. మూత తిప్పింది. సుయ్యిమని గాలి లోపలికి పోయింది. ధార మళ్లీ దూకింది. మూతకుండే సూదిబెజ్జం నిండా రొట్టెల పిండి గడ్డకట్టుకుపోయింది. లోపలికి గాలి పోకపోతే కిందికి పెట్రోలు రాదు కదా! పిన్నీసుతో పొడిచి శుభ్రం చేసింది.

"హమ్మయ్య, గొంతు వదిలింది," అన్నాడు మామయ్య.

అత్తయ్య కళ్లు తుడుచుకుంది. రొట్టెలాయన నవ్వాడు. కానీ మామయ్య గుండె మీది చెయ్యి అక్కడే ఉంది.

"ఇంకా ఉందే. పిస్టనే."

పోస్టమ్మ కిక్కు మెల్లగా తొక్కింది. ఇంజను బిగువుగా పాదాన్ని వెనక్కి తోసింది, అంటే పిస్టన్ పట్టెయ్యలేదు. గట్టిగా తొక్కింది. బండి లేచి, ఒక్క దడ తప్పకుండా ఆడింది.

పోస్టమ్మ మామయ్య ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"బండి బాగుంది మామయ్యా. మూడూ చూశాను. ఇది ఎవరి నొప్పి?"

"ఎవరిదేమిటే? బండిదే."

"కాదు. పొద్దున్నుంచి నువ్వు ముట్టుకున్న బండి ఇదొక్కటే. ఇది నీదే."

"నలభై ఏళ్లలో నాకంటూ ఒక్క నొప్పి రాలేదే..." ఆయన పెదవులు తెల్లబడ్డాయి.

అత్తయ్య తొట్టిలోని రొట్టెలన్నీ ఎత్తి నేల మీద పోసేసింది. ఆ సందులోకి అంబులెన్సు పట్టదు. ముగ్గురూ కలిసి ఆయన్ని తొట్టిలో కూర్చోబెట్టారు. పోస్టమ్మ బండెక్కింది, వెనక అత్తయ్య.

రెండో మలుపు దాటగానే, అంత బాగా ఆడిన ఇంజను తడబడటం మొదలుపెట్టింది. రెండు దడలు, ఒక తప్పు. రెండు దడలు, ఒక తప్పు.

"చచ్చిపోయేలా ఉందే! ఆపి చూడు!" అంది అత్తయ్య.

పోస్టమ్మ కాలు బ్రేకు మీదికి పోయింది. కిందికి చూసింది. తొట్టిలోంచి జారిన మామయ్య అరచెయ్యి ఇంజనుకి ఆని ఉంది. ఆయన పెదవుల్లోకి కాస్త రంగు వస్తోంది.

"ఆపను అత్తయ్యా. అది చచ్చిపోవడం లేదు, మోస్తోంది."

అత్తయ్య వంగి, ఆ చేతి మీద తన చెయ్యి వేసి అదిమింది. వేలి కొసలు ఇంజనుకి కాలుతున్నా తియ్యలేదు. ఆస్పత్రి గేటు దాకా బండి మూలుగుతూ వచ్చింది. గేటు దాటి, ఆగిపోయింది.

"ఇంత పెద్ద పోటు వస్తే మనిషి దక్కడు. ఈయన గుండెకి సగమే తగిలింది. మిగతా సగం ఎటు పోయిందో!" అన్నాడు డాక్టరు, పరీక్షలయ్యాక.

"అదిగో, గేటు దగ్గర నిలబడింది," అంది అత్తయ్య.

డాక్టరు కిటికీలోంచి చూసి, తలూపి, చీటీలో ఆ మాటే రాసుకున్నాడు.

అదీ సంగతి. ఆ పిల్ల చేసిన పనుల్లో ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ప్లగ్గు మర్చిపోయినా ఫరవాలేదు. అందరి బాధలూ తనవిగా మోసే మనిషి మీ ఇంట్లోనూ ఒకరు ఉంటారు. ఈ రోజే వెళ్లి వాళ్ల ఎదురుగా కూర్చుని, "ఇది ఎవరి నొప్పి?" అని అడగండి. "ఏం లేదులే" అంటారు. లేచి రాకండి. ఇంకోసారి అడగండి.