సోడాకంపెనీ విస్తరణము

ప్రచండమార్తాండకిరణసంతాపమున భూమి పెనమువలె కాగుచుండ వడగాడ్పులకు వీధిశునకములు సైతము చూరునీడల నాశ్రయించి నాలుకలు వ్రేలవైచియుండ తృష్ణార్తులగు జనులెల్లరు నరసాయమ్మ కుమారుడు నడపు గోలీసోడాకంపెనీ గుమ్మమున మూగియుండిన జ్యేష్ఠమాసపు శనివారమది.

ఆ కుమారుడు లోకనాథము. ఒంటియంత్రముతో సాగు నాతని వ్యాపారమున విశ్రాంత తహసీల్దారు దాలినాయుడుగారు ఆ నెలయే పెట్టుబడి పెట్టి భాగస్థులైరి. అది మొదలు నరసాయమ్మకు సంతోషమెంతయో భయమును అంతయే. ఇచ్చిన చేయి వెనుకకు తీసికొన్న బిడ్డ గతి యేమని యామె కంటికి కునుకు లేదు.

సంతకు పోవుచు లోకనాథము గుమ్మమునుండి కేకవైచెను.

“అమ్మా! రేపు నాయుడుగారొస్తారు. విస్తరణ సంగతి తేలిపోవాల. అన్నీ తయారుగుండాల.”

“ఎంతమందికిరా?”

“అందరికీనమ్మా! పనోళ్లూ మాతోపాటే కూకుంటారు.”

మూడవతరగతితో చదువు చాలించిన యా తల్లి చెవికి విస్తరణము విస్తరాకైనది. ఆకులు చాలకున్న నాయుడుగారు చిన్నబుచ్చుకొందురు, చిన్నబుచ్చుకొన్న వాటా లాగుకొందురు, లాగుకొన్న కంపెనీ మూతపడును, మూతపడిన బిడ్డ మతి చలించును! ఇట్లు క్షణములో సర్వనాశనమును దర్శించి యామె యడ్డాకులు తెప్పించి చీపురుపుల్లలతో ప్రొద్దు గ్రుంకువఱకు కుట్టుచునేయుండెను.

మఱునాటి మధ్యాహ్నమున రెండవయంత్రము కొనుటకు వ్రాసికొన్న కాగితపుచుట్టతో వచ్చిన నాయుడుగారు కంపెనీ షెడ్డునిండ పఱచిన విస్తళ్లను పొగలుగ్రక్కు పప్పన్నమును గాంచి నిలువబడిపోయిరి.

“ఇదేటమ్మా?” యని లోకనాథము నెత్తి పట్టుకొనెను.

“నువ్వే కదరా విస్తరాకులన్నావు!”

“విస్తరణే తల్లీ! కంపెనీ పెంచడం!”

పనివారు ఘొల్లున నవ్విరి. నరసాయమ్మ సిగ్గుతో నేలకు క్రుంగెను. నాయుడుగారు మాత్రము కాగితము చంకనిఱికించుకొని “ఆకేశాక లేచిపోకూడదమ్మా, వడ్డించండి” యని బంతిలో కూర్చుండిరి.

యజమానుల యెదుట నోరు మెదపని పనివారు విస్తరిముందు మాటలాడసాగిరి. సీసాలు కడుగు పోలమ్మ ముద్ద మ్రింగి యిట్లనెను.

“రెండో మిసనెందుకు బాబూ? పొద్దు తిరిగేసరికి ఉన్నదానికే పనుండదు. కొట్లోలు కాళీసీసాలు తిప్పి పంపరు, మనమెల్లి తెచ్చుకోం. సోడా దోసిట్లో పోత్తామా?”

నాయుడుగారి చేయి విస్తరిలో నాగెను. “ఇన్నాళ్లూ చెప్పలేదేం?”

“ఎవులడిగినారండి!”

అంతట నరసాయమ్మకును ధైర్యము వచ్చెను. “మిసను ముందు ఇనపతెర కూడా కట్టించండి బాబూ. ఎండకి సీసా పేలి ఎవుల కన్నయినా పోతే... రోజూ నాకదే బెంగ.”

“మా అమ్మకన్నీ భయాలేనండి.”

“ఉండవయ్యా. మొదట అదే రాసుకో.”

ఇట్లు రెండవయంత్రము మాని తెరయు క్రొత్తసీసాలును ఖాళీసీసాలు మరల్చి తెచ్చుటకొక యాటోయు చారు పోయులోపలనే నిర్ణీతములయ్యెను.

భోజనానంతరమున నరసాయమ్మ ప్రాణములుగ్గబట్టుకొని నాయుడుగారి చేతివంకనే చూచుచుండెను. తృప్తుడై మరల రాదలచినవాడు విస్తరిని తనవైపునకు మడుచును, పొత్తు చాలునన్నవాడు ఆవలికి మడుచును గదా! ఆయన ఆకును నెమ్మదిగా తనవైపునకు మడిచి లేచి “మళ్లీసారి చారులో మిరియం తగ్గించండమ్మా” యనిరి.

దినదినము కీడు తొలగింపుమనియే వేల్పులకు మ్రొక్కు నా తల్లి యా పూట యేమియు కోరనేరక పులుసంటిన చేతులే జోడించి కన్నులు చెమర్ప నిలిచియుండెను.