కారు కింద తమ్ముడు, వెనక మొగుడు

మా కారు స్టార్ట్ చేస్తే ఎదురింట్లో పసిపిల్ల ఉలిక్కిపడి లేచేది. ఆ తల్లి కిటికీలోంచి నన్ను చూసే చూపు పగవాళ్లకి కూడా వద్దు. అలాగని సైలెన్సర్ పాతదా అంటే, కొత్తదే. అది బిగించి తెచ్చిన రోజే మా ఇంట్లో అసలు గోల మొదలైంది.

మా తమ్ముడు మెకానిక్. అలాంటి వాణ్ణి పెట్టుకుని మా ఆయన, కారు చప్పుడు చేస్తోందని, ఎవరికీ చెప్పకుండా ఇంకో షెడ్డుకి తీసుకెళ్లి సైలెన్సర్ మార్పించుకొచ్చారు. సంగతి వాడి చెవిన పడింది. "అంటే నాకు పని రాదనేగా!" అని ఒంటికాలి మీద లేచాడు. మర్నాడే రెడీమేడ్ చొక్కా కొనుక్కుని మా వీధిలో అటూ ఇటూ తిరిగాడు. మా ఆయన టైలర్. వాడికి మీసం రాకముందు నుంచీ వాడి చొక్కాలన్నీ ఆయనే కుట్టారు. ఇంక చూసుకోండి, ఇద్దరికీ మాటల్లేవు. తమ్ముడు మా గడప తొక్కడం మానేశాడు. నేను మాత్రం వండిన ప్రతిసారీ అలవాటు చొప్పున వాడి కోసం ఓ గిన్నె తీయడం, మళ్లీ లోపల పెట్టేయడం. ఒక్కగానొక్క తమ్ముడు.

చప్పుడు తగ్గకపోగా ఈ మధ్య కార్లో పొగ వాసన కూడా రావడం మొదలైంది. ఇదే అదననుకుని తమ్ముడికి ఫోన్ చేశాను. "ఆ పొగ పీల్చి నేను పోతే మీ ఇద్దరూ హాయిగా ఉందురుగాని," అన్నాను. సెలవు రోజు పొద్దున్నే పనిముట్ల సంచీతో దిగాడు. కారు కింద దూరే పనికి ఎవరైనా పాత బట్టలు వేసుకొస్తారు. మావాడు ఆ రెడీమేడ్ చొక్కాయే తొడుక్కొచ్చాడు.

లోపలికి రమ్మంటే రాలేదు. మంచినీళ్లు కూడా బయటే తాగాడు.

"అక్కా, బావగారు హ్యాండ్ బ్రేక్ వేశారేమో కనుక్కో."

బావగారు కారుకి ఇవతల పక్కనే ఉన్నారు. "వేశానని మీ తమ్ముడికి చెప్పు."

నోరారా 'బావా' అని పిలిచేవాడు అలా 'బావగారు' అంటుంటే, అంతకన్నా తిట్టినా బాగుండేదనిపించింది.

తమ్ముడు ముందు భాగం జాకీతో లేపి, స్టాండ్లు పెట్టి కిందికి దూరాడు. "కొత్త సైలెన్సర్ బానే ఉంది. పొగ ఇంకెక్కడో లీకవుతోంది. ఇంజన్ చల్లగా ఉండగానే చూడాలి. నువ్వెళ్లి స్టార్ట్ చెయ్యక్కా. బావగారిని మందపాటి గుడ్డతో వెనక గొట్టం మూతి నొక్కి పట్టమను. ఆ దారి మూసేస్తే లీకున్న చోట బుస్సుమంటుంది."

మా ఆయన కోటు గుడ్డ ముక్కని మడతలు పెట్టుకుని, మూతి ముడుచుకుని వెనక కూర్చున్నారు. నేను స్టార్ట్ చేశాను. చెవులు చిల్లులు పడ్డాయి.

"అక్కా, ఇంకా గట్టిగా నొక్కమను!" కింద నుంచి కేక.

నాకు వినపడింది. చెప్పబోయి ఆగాను. ఎన్నాళ్లని వీళ్ల మధ్య కబుర్లు మోస్తాను? చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని "ఏంటీ?" అని, యాక్సిలరేటర్ ఇంకాస్త తొక్కాను.

"అక్కా!"

"వినపడట్లేదురా!"

వాడు నన్ను కాసేపు, ఇంజన్‌ని కాసేపు తిట్టుకుని చివరికి గొంతు చించుకున్నాడు. "బావా! గట్టిగా నొక్కు!"

గారూ లేదు, గీరూ లేదు. నా ప్రాణం లేచొచ్చింది. అద్దంలో చూస్తే మా ఆయన మోకాళ్ల మీదికి లేచి, ఒళ్లంతా మోపి నొక్కుతున్నారు.

"దొరికిందా?" అని ఆయన అరుపు.

"లేదు బావా! ఈ గోలలో బుస్సు ఎక్కణ్ణించో తెలీట్లేదు!"

"దారం పట్టి చూడరా!" అంటూ ఆయన ఒక చేత్తో జేబులోంచి దారపు రీలు తీసి కారు కిందికి దొర్లించారు.

తమ్ముడు మూరెడు దారం తెంపి, ఒక్కో అతుకు దగ్గరా పట్టి చూస్తూ ముందుకు పాకాడు. వెనకెక్కడా దారం కదల్లేదట. ఇంజన్ దాపున రెండు గొట్టాలు కలిసే చోట మాత్రం గిలగిలా కొట్టుకుంది.

"దొరికింది బావా! ఇక్కడ ప్యాకింగ్ కాలిపోయింది!"

నేను ఇంజన్ ఆపేశాను. వాడు మొహం బయటపెట్టి, "చప్పుడు వెనకనించి వస్తోందని ఆ షెడ్డువాళ్లు వెనక సైలెన్సరే మార్చారు," అని ఓ చురక వేశాడు.

మా ఆయన గుడ్డ మడత విప్పుతూ నసిగారు. "నిన్నెలా పిలవనురా? అంతకుముందు సెలవులన్నీ నా కారు కిందే పడుకుంటివి. మళ్లీ రమ్మనడానికి మొహమాటమేసింది."

"నా దగ్గర మొహమాటమా? నేనేమన్నా పరాయివాణ్ణా బావా?" అని మొహం తిప్పేసుకుని మళ్లీ కిందికి దూరాడు. పాత ప్యాకింగ్ ముక్కలు గీకి, కొత్తది పెట్టి, బోల్టులు బిగించడం మొదలెట్టాడు. చివరి బోల్టుకి చెయ్యి చాపేసరికి చొక్కా చంకలో పర్రుమంది.

మా ఆయన మొహం వెలిగిపోయింది. "అదీ ఒక కుట్టేనా!"

"మొదట్నించీ భుజాల దగ్గర పట్టేస్తూనే ఉంది," అని కారు కింద నుంచి ఒప్పుకోలు.

కారు కిందికి దించాక తాళం తిప్పాను. స్టార్ట్ కాలేదనుకుని మళ్లీ తిప్పితే కీచుమంది. అప్పటికే నడుస్తోంది మహాతల్లి!

మా ఆయన మెడలో టేపు సవరించుకుని లోపలికి నడిచారు. తమ్ముడు చేతులు తుడుచుకున్నాడు. ఒకసారి నా వంక చూసి, గడప దాటి ఆయన వెనకే వెళ్లాడు. నేను స్టీరింగ్ పట్టుకుని కూర్చుండిపోయాను. కళ్లు మసకబారాయి.

"పొట్ట లోపలికి లాగకు, కొలత తప్పుతుంది!"

"లాగట్లేదు బావా, నీ టేపే సాగిపోయింది!"

"నా టేపు సాగిందా? నువ్వు సాగావురా!"

ఎదురింటి కిటికీ ధడాలున తెరుచుకుంది. ఆవిడ కళ్లెర్రజేసి నా కారు వంక చూసింది.

"కారు కాదండీ," అన్నాను. "మావాళ్లు."