నాలుగో గుంత

నాలుగో గుంతలో ఏమీ లేదు.

ఆరడుగుల లోతున, నిరుడు నేను మూడు రాతిపెట్టె సమాధులు చూసిన చోట, ఎర్రమట్టి తప్ప మరేదీ లేదు. రాయి లేదు, ఎముక లేదు, కుండపెంకు కూడా లేదు. గట్టు మీద నిలబడ్డ కంపెనీ లాయరు చేతులు దులుపుకున్నాడు. పొద్దుటినుంచీ మట్టి ముట్టనివాడు ఆయనొక్కడే.

"సమాధులు లేవని రాసుకోండి," అన్నాడు గుమాస్తాతో.

సమీక్షా సంఘం అధ్యక్షురాలు నా వైపు చూశారు. రిటైరైన జడ్జి. పొద్దున నాకు కుర్చీ వేయించిన మనిషే. ఇప్పుడా చూపులో కుర్చీ లేదు.

ఈ మైదానంలో అణు వ్యర్థాల నిల్వ కేంద్రం కట్టాలి. కట్టే ముందు నేల కింద పాతకాలపు ఆనవాళ్లేమైనా ఉన్నాయేమో తేల్చాలని చట్టం. నిరుడు ఆ సర్వే చేసింది నేను. మూడువేల ఏళ్లనాటి సమాధులున్నాయని రిపోర్టిచ్చాను. నాలుగో గుంతలో ఉన్న మూడింటిలో ఒకటి మరీ చిన్నది, రెండు జానల పొడవు. అందులో ఒక పసిబిడ్డ, పిడికిలి పక్కన మట్టి గిలక్కాయ. సమీక్ష పూర్తయ్యేదాకా ఏదీ కదపకూడదు కాబట్టి ఫొటోలు తీసి, ఉన్నదున్నట్టే పూడ్చేశాను. ఇవాళ సంఘం కళ్లారా చూడ్డానికి వచ్చింది. నేను చూపించలేకపోతే సోమవారం నుంచి కాంక్రీటు పోస్తారు. నా లైసెన్సు పోతుంది. ఆ బిడ్డ మీద వ్యర్థాల డ్రమ్ములు పేరుస్తారు. ఆ తర్వాత పదివేల ఏళ్లదాకా అక్కడ ఎవరూ గడ్డపార వేయలేరు.

"మేడమ్ ఫొటోలు బాగా తీస్తారు," అన్నాడు లాయరు. "ఏ ఊళ్లో తీశారో మాత్రం చెప్పట్లేదు."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన సంచిలోంచి పాత రిపోర్టొకటి తీశాడు. ఇరవై రెండేళ్ల కిందట ఇదే మైదానానికి జరిగిన మొదటి సర్వే. ప్రతి అడుగూ నడిచి చూశాం, ఏమీ లేదు అని ఉంది. కింద మా మావయ్య సంతకం. ఇప్పుడాయన ఈ సంఘానికి సలహాదారు. అన్ని గుంతలూ అక్కర్లేదు, నాలుగోది ఒక్కటి తెరిస్తే చాలని తేల్చిందీ ఆయనే. మేనకోడలని వెనకేసుకొస్తారేమోనని కంపెనీ మొదట భయపడిందట. లాయరు ఆ మాట కూడా నవ్వుతూ చెప్పి, నన్ను పెంచినాయన కంటికి కనబడనిది నాకెలా కనబడిందో చెప్పమన్నాడు.

చోటు తప్పని నా ఒళ్లు చెబుతోంది. ఒళ్లు చెప్పేది సాక్ష్యం కాదు. భద్రత పేరుతో గేటు దగ్గరే ఫోన్లూ పరికరాలూ తీసేసుకుంటారు. నిరుడూ అంతే. అందుకే మైదానం మధ్యలో పాతిన ఒకే ఒక్క ఇనుప గూటం నుంచి టేపు పట్టి కొలతలు రాసుకున్నాను. ఇవాళా అదే గూటం నుంచి, నా పుస్తకం ప్రకారమే కొలిచారు. సమాధుల మీద నిలిపిన పైరాళ్లయినా చోటు చెబుతాయా అంటే, పోయిన నెల తుప్పలు కొట్టే వంకతో వాటితో సహా నేలంతా చదును చేసేశారు.

గూటం కదిలిందన్నాను. సైటు ఇంజినీరు దాని మొదట్లో పోసిన సిమెంటును బూటుతో తట్టాడు.

"దీనికి కాళ్లొచ్చాయా మేడమ్?"

అప్పుడు మావయ్య నా పక్కకొచ్చాడు. నాన్న పోయాక నన్ను తన ఇంట్లో పెంచిన మనిషి. తొమ్మిదేళ్లప్పుడు నా చేతికి తాపీ ఇచ్చిన మనిషి. గొంతు తగ్గించి, పొరబడ్డానని ఒక్క ముక్క రాసిచ్చేయమన్నాడు. ఏడాది తిరక్కుండా లైసెన్సు మళ్లీ ఇప్పిస్తాడట.

"మొండికెయ్యకు అమ్మడూ. నేనున్నాగా."

గుమాస్తా కాగితం అప్పటికే సిద్ధం చేశాడు. నేను పెన్ను తీసుకున్నాను. మావయ్య మాట మీద నా జీవితంలో ఎన్నో సంతకాలు పెట్టాను.

"చీపురమ్మా," అని గుంతలోంచి మేస్త్రీ పిలిచాడు. ఎప్పుడూ చేతిలో బ్రష్షుంటుందని నాకు కూలీలు పెట్టిన పేరది. "ఇంకా అడుగు తగల్లేదమ్మా. మట్టి మెత్తగానే ఉంది. మన మూత రాలేదు."

నా చెయ్యి ఆగిపోయింది.

మా పనిలో ఒక అలవాటుంది. గుంత పూడ్చేముందు అడుగున ఈ కాలపు వస్తువొకటి పెడతాం. వందేళ్ల తర్వాత తవ్వేవాడికి, తనకన్నా ముందు ఇక్కడిదాకా ఎవరో వచ్చారని తెలియాలి. మావయ్య నాకు నాణెం పెట్టడం నేర్పాడు. కొన్నాళ్లు అలాగే పెట్టాను. నాణేల కోసం పూడ్చిన గుంతలు మళ్లీ తోడుతున్నారని మేస్త్రీ గోల పెట్టాక, ఉత్తరం మూలన సోడాసీసా మూత పెట్టడం మొదలుపెట్టాను. గుంతకో సోడా మేస్త్రీయే తాగి, అదేదో త్యాగమైనట్టు మూత తెచ్చిచ్చేవాడు.

దిగి చూస్తానన్నాను. చీరచెంగులోంచి సమాధి తీస్తుందేమోనన్నాడు లాయరు. చేతులు చూపించి దిగమన్నారు అధ్యక్షురాలు. దొంగకి చెప్పినట్టే చెప్పారు. అందరి ముందూ చెంగు దులిపి, అరచేతులు చాపి చూపించి, మేస్త్రీ దగ్గర తాపీ తీసుకున్నాను.

ఉత్తరం మూల. రెండంగుళాలు గీకాను. మూడు. తాపీ టక్కుమంది.

మూత కాదు. నాణెం. గట్టినేలలోకి బొటనవేలితో అదిమినట్టు, బొమ్మ పైకి ఉంది. దాని మీది సంవత్సరం చూశాను. ఈ ఏడాదే.

బొమ్మ పైకి ఉండాలి అమ్మడూ, వెతికేవాడికి ముందు మొహం కనబడాలి. తొమ్మిదేళ్లప్పుడు విన్న మాట. తలెత్తి చూశాను. గట్టు మీద మావయ్య ఒక్కడే గుంతలోకి చూడటం లేదు.

"పైకి రా," అన్నాడు. ఈసారి అమ్మడూ లేదు.

నాణేన్ని ముట్టుకోకుండా అధ్యక్షురాల్ని పిలిచాను. ఆ వయసులో ఆవిడ నిచ్చెన దిగి, కళ్లజోడు సర్దుకుని, సంవత్సరం పైకి చదివారు. నేను గుంత పూడ్చింది నిరుడని చెప్పాను. ఈ నాణెం అప్పటికింకా పుట్టలేదు. నేను అడుగున పెట్టిన సోడామూత ఇక్కడ లేదు, సమాధులు పెకలిస్తే మిగలాల్సిన రాతిముక్కా లేదు. అంటే ఇది నా గుంత కాదు. గూటాన్ని పక్కకు జరిపి, నిరుడు తవ్విన చోటు ఇదేనని నమ్మించడానికి కొత్తగా ఇక్కడ ఒకటి తవ్వి పూడ్చారు. నాది పక్కనే ఎక్కడో, బిడ్డతో సహా, అలాగే ఉంది.

కూలీల జేబులోంచి పడుంటుందన్నాడు లాయరు.

"మా జేబులోంచి పడితే మేం వదుల్తామా సార్," అన్నాడు మేస్త్రీ.

ఎవరూ నవ్వలేదు. జారిపడ్డ నాణెం మూడంగుళాల మట్టికింద నేలలోకి దిగదని అధ్యక్షురాలు గుమాస్తా చేత రాయించారు. తర్వాత ఇంజినీరు వైపు తిరిగి, పోయిన నెల ఈ చోట పొక్లెయిన్ ఎవరు వాడారని అడిగారు. అతను పెదవులు తడుపుకున్నాడు. మట్టి పరీక్షకని అడిగితే రెండు రోజులు ఇచ్చానన్నాడు. గూటానికి సిమెంటు వేయమంటే వేశానన్నాడు. ఎవరడిగారంటే, పెద్దవాళ్లడిగారని నేల చూపులు చూశాడు.

"అడుగున ఇలా నాణెం పెట్టేవాళ్లు మీకు తెలుసా?" అని అధ్యక్షురాలు నన్నడిగారు.

నాకంతా అర్థమైంది. నిరుడు ఆ సమాధుల పైరాళ్లు గడ్డిలోంచి మోకాలెత్తు లేచి ఉండేవి. ఈ మైదానంలో ఒక్కసారి నడిచినా కాలికి తగిలేవి. ఇరవై రెండేళ్ల కిందట మావయ్య నడవలేదు. గదిలో కూర్చుని సంతకం పెట్టాడు. నా రిపోర్టు ఆ సంతకాన్ని అబద్ధం చేసింది. దొంగగుంత తవ్వించినప్పుడు కూడా పూడ్చేముందు చెయ్యి ఊరుకోలేదు. నలభై ఏళ్ల అలవాటు.

"ఆలోచించుకుని చెప్పు," అన్నాడు గట్టు మీదనుంచి, మెల్లగా. "ఇంటిదగ్గర మీ అత్తయ్య నీకోసం భోజనం చెయ్యకుండా కూర్చుంటుంది."

నా ఎంగిలి కంచాలు తీసిన చేతులు అత్తయ్యవి. ఆ గుమ్మం మళ్లీ ఎక్కలేను. పిడికిలి పక్కన గిలక్కాయ కళ్ల ముందు మెదిలింది.

గుమాస్తా పెన్ను కాగితం మీద ఆగి ఉంది.

"తెలుసు," అన్నాను. "రాసుకోండి. గూటం జరిపించింది, ఈ గుంత తవ్వించింది మీ సలహాదారు. మా మావయ్య."