ఎర్ర పేలిక చాట

అంబుబాయి వంటలో కారం ఉండదు. ఉన్న కారమంతా నోట్లోనే దాచుకుందని కిష్టయ్య అంటాడు. అశోక్ చౌక్ వెనక వరస ఇళ్లలో మధ్యాహ్నం అన్నానికని మగ్గాలు ఆపగానే, కిష్టయ్య తన స్టీలు గిన్నె పట్టుకుని ఆమె అరుగు మీదికి వచ్చి కూర్చుంటాడు. పక్క గుమ్మంలోంచి బాలమణి వస్తుంది. ముగ్గురి పళ్లూ పోగేసినా ఒక్క నోటికి సరిపోవు. అందుకే ఆ పొయ్యి మీద ఎక్కేదంతా మెత్తనిదే. పెసరపప్పు కిచిడి, జొన్న గట్క, మజ్జిగ పోసిన అంబలి, చేత్తో నలిపితే నలిగిపోయే సొరకాయ కూర.

"నమిలే పని నా పొయ్యి చేస్తది. మింగుడొక్కటే మీ పని. అది గూడ చేతగాకుంటె చెప్పుండ్రి," అంటుంది అంబుబాయి వడ్డిస్తూ.

ఈ వంట ఆమెకు ఎవరూ అప్పగించింది కాదు. బాలమణీ ఆమే కొత్త కోడళ్లుగా వచ్చిన నాటి నుంచి ఒకే గోడకు వీపులు ఆనించి బీడీలు చుట్టారు. ఒకామె పిల్ల ఏడిస్తే రెండో ఆమె కాలితో ఉయ్యాల ఊపేది. చేతులేమో ఆకును వదలకూడదు కదా మరి! ఈమె ఆకు కత్తిరిస్తే ఆమె దారం కట్టేది. కళ్లు మసకబారాక బాలమణి ఎప్పుడో ఆ పని మానేసింది కానీ, అంబుబాయి మాత్రం పొద్దుపోక ఇప్పటికీ కాసిన్ని చుడుతూనే ఉంది. ఇక కిష్టయ్య అంటారా, ఆమె పెనిమిటితో పక్క పక్క మగ్గాల మీద చద్దర్లు నేసినవాడు. ఇటు ఈమె పెనిమిటీ పోయాడు, అటు ఆయన భార్యా పోయింది. ఒకనాడు ఆయన ఎండిపోయిన పావ్ రొట్టెను చాయ్‌లో ముంచుకుని తింటుంటే అంబుబాయి కంటబడ్డాడు. "ఏందయ్యా ఆ తిండి, పిల్లికి పెట్టినట్టు?" అని తన కంచంలోని కిచిడి సగం ఆయనకు వంచింది. అదిగో, అలా మొదలైంది.

ఆ ఎండాకాలం బాలమణికి కామెర్లు వచ్చాయి. మందులు వాడితే పసుపు దిగింది, జ్వరం దిగింది, తిండి మాత్రం ఎక్కలేదు. ఏది పెట్టినా నోట్లో అటూ ఇటూ తిప్పి పక్కన పెట్టేసేది. "మట్టి బుక్కినట్టున్నదే అంబూ. తీపి లేదు, పులుపు లేదు, ఏం లేదు," అనేది. చేతి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి.

ఒక పొద్దున బాలమణి కోడలు సారిక వచ్చి అంబుబాయి గుమ్మం పట్టుకుని నిలబడింది. టవళ్ల కార్ఖానాలో అంచులు కుట్టే పిల్ల. ఆనాడు పనికి పోలేదు.

"పెద్దత్తమ్మా, డాక్టర్ చెప్పిండు. ఇయ్యాల గూడ కడుపుల ఏం పడకుంటె సాయంత్రం అడ్మిట్ చెయ్యాలంట, సెలైన్ ఎక్కిస్తరంట. అత్తమ్మ ఏమో దవాఖాన పేరెత్తితె ఏడుస్తుంది. నేనేం చెయ్యాలె, సాంగ్ నా, జర చెప్పు."

"ఏడ్వదా మరి? మీ మామను గట్లనే రిక్షా ఎక్కిచ్చినం. మల్ల దింపుకోలె." అంబుబాయి కొంగు నడుముకు దోపింది. "సాయంత్రం దాంక ఆగు బిడ్డా. నేను వండి తెస్త."

నోరు చచ్చినవాళ్లకు ఏం పెట్టాలో అంబుబాయికి తెలుసు. నూనె తగలకూడదు, పోపు వాసన రాకూడదు. పెసరపప్పూ బియ్యపు నూకా వట్టి మూకుట్లో దోరగా వేయించి, చల్లారాక జారుగా వండి, కాసింత ఉప్పేసి, చిటికెడు జీలకర్ర నలిపి చల్లాలి. వాళ్ల అత్త బాలింతలకు అలాగే వండేది. అంబుబాయి అదే చేసింది. నూక ఎర్రబడకుండా చెయ్యి ఆపకుండా తిప్పింది. వేడి వేడిగా దించి, మేకుకున్న చాట తీసి అందులో పరిచి ఆరబెట్టింది. చాట కొత్తదానిలా మెరుస్తోంది. మెరవదా, మొన్ననే ఇంట్లో ఉన్న రెండు చాటలకూ మెంతిపిండీ నానిన కాగితాల గుజ్జూ కలిపి అలికింది. సందులన్నీ పూడిపోయి తెల్లగా, ఒకదాన్ని చూస్తే రెండోదాన్ని చూసినట్టే ఉన్నాయి.

కిచిడి ఉడికాక చెంచాతో నాలుక మీద వేసుకుని చూసింది. బాగానే ఉంది. కిష్టయ్య గిన్నె నింపి ఆయన ముందు పెట్టి, ఇంకో గిన్నె కొంగుతో పట్టుకుని పక్కింటికి నడిచింది.

బాలమణి గోడకు ఆనుకుని కూర్చుంది. సారిక చెంచాతో ఊదుతూ నోటికి అందించింది. ఒక్క చెంచా. బాలమణి మొహం ముడుచుకుపోయింది. ఎంత కష్టపడి మింగిందో, కళ్లలో నీళ్లు తిరిగాయి.

"వద్దు."

"వద్దంటె ఎట్లనే? ఇంకొక్క బుక్క."

"వద్దే అంబూ. చేదున్నది." అని అటువైపు తిరిగి పడుకుంది.

సారిక చెంచా కింద పెట్టింది. "చూసినవ్ గదా పెద్దత్తమ్మా. నిన్న మట్టి అన్నది, ఇయ్యాల చేదంటుంది. తబియత్ ఇంకింత బిగడ్తుంది, పానం ఖరాబైతుంది. ఇగ నేను ఆగ." సంచిలో చీర, దుప్పటి, మందుల చీటీలు సర్దుకుని, చౌక్‌లో రిక్షా పిలుచుకొస్తానని వెళ్లిపోయింది.

అంబుబాయి ఆ గిన్నె పట్టుకుని వెనక్కి వచ్చి అరుగు మీద కూలబడింది. మళ్లీ ఒక చెంచా నోట్లో వేసుకుంది. చేదేదీ? ఎక్కడుంది? ఆమె నాలుకకు ఉప్పు తెలిసింది, జీలకర్ర తెలిసింది, అంతే. కిష్టయ్య తన గిన్నె అడుగు వరకూ వేలితో తుడిచి నాకుతున్నాడు.

"నీకేమన్న చేదు కొట్టిందా కిష్టయ్యా?"

"ఏందీ?" మగ్గాల మోతకు ఆయన చెవులు ఏనాడో పోయాయి.

"చేదు, చేదు!"

"ఛీ ఛీ. మస్తుంది వదినె. ఇయ్యాల జర మజా గూడ..." అంటూనే ఆయన ఎక్కిళ్లు పెట్టాడు. ఒకటి, మళ్లీ ఒకటి. నీళ్లు తాగాడు. ఆగలేదు. "ఎవలో... హిక్... తలుస్తున్నరు నన్ను."

"నిన్ను తలిచేటోళ్లంత పైన్నే ఉన్నరు."

"అయితె పిలుస్తున్నరు... హిక్... కావచ్చు."

ఇంకెప్పుడైనా అయితే అంబుబాయి దీనికి రెట్టింపు జవాబు చెప్పేది. ఆ ఎక్కిళ్లు వింటుంటే ఆమెకు తన పెళ్లయిన ఏడు గుర్తొచ్చింది. ఒడిలో మొదటిసారి బీడీ చాట పెట్టుకున్న నాడు, పొగాకు దుమ్ము గొంతులోకి పోయి మధ్యాహ్నమంతా ఇలాగే ఎక్కిళ్లు. పక్కన బాలమణి ఒకటే నవ్వు. "తంబాకు కడుపులకు వోతె ఎక్కిళ్లే ఎల్తయి, రేపటికి అలవాటైతది తియ్యి," అని అత్త తీసిపారేసింది. అలవాటైంది కూడా.

అంబుబాయి లేచి చాట దగ్గరికి వెళ్లింది.

బీడీలు చుట్టే ఏ ఇంట్లోనైనా చాటలు రెండు. ఒకటి పొగాకుకూ, ఒకటి తిండికీ. ఒకదాని మేకుకు రెండోది తగిలించరు, ఒకదాని మీద రెండోది బోర్లించరు. పిల్లలు పొరపాటు పడకుండా పొగాకు చాట అంచుకు ఎర్ర పేలిక కట్టి కుడతారు. అంబుబాయి చాట ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. మెంతి వాసన తప్ప ఏమీ లేదు. అప్పుడు కళ్లు మూసుకుని బొటనవేలితో అంచు వెంబడి తడుముతూ పోయింది. మూల తిరిగే చోట, గుజ్జు కింద, ముడి. చిన్న బఠాణీ గింజంత ముడి. గోటితో గీకితే ఎర్ర దారం బయటపడింది.

అలికేటప్పుడు ఎర్ర పేలికను కూడా కలిపి అలికేసింది! తెల్లబడిన రెండు చాటలనూ ఆరాక అటుదిటు, ఇటుదటు తగిలించేసింది. కాలుతున్న నూక తగిలేసరికి కొత్త అలుకు కింద ఏళ్ల తరబడి పట్టిన పొగాకు కాస్తా పైకి వచ్చింది.

"ఓ కిష్టయ్యా! తల తిరుగుతుందా నీకు?"

"నాకేమైతది? పొద్దున లేస్తె నమిలేదే గది... హిక్."

బయట రిక్షా వచ్చి ఆగింది. సారిక సంచి భుజాన వేసుకుని అత్తను లేపుతోంది. అంబుబాయి చాట చేత్తో పట్టుకునే లోపలికి దూరింది.

"ఆగు బిడ్డా! బాలమణీ, ఒక్క మాట చెప్పు. ఎట్లాంటి చేదే అది?"

బాలమణి ఆమెనూ చాటనూ మార్చి మార్చి చూసింది. "ఎట్లాంటిదేంది? తంబాకు చేదు. బీడీ ఇప్పి నోట్ల పోసినట్టున్నది."

"మరి అప్పుడే అనకపోయినవేమే?"

"అంత ప్రేమతోని తెచ్చినవు. నీ వంటల తంబాకున్నదని ఏ నోటితోని చెప్పాలె?"

అంబుబాయి చాట కింద పెట్టి, దాని పక్కనే తానూ కూర్చుని నవ్వడం మొదలుపెట్టింది. సారికకు ఏమీ అర్థం కాలేదు. పేలిక సంగతి చెప్పాక కూడా కోపం తెచ్చుకోవాలో నవ్వాలో తెలియక నిలబడింది.

"గిప్పుడు ఆలోచన చెయ్యి బిడ్డా. నిన్నటి దాంక ఈమెకు తీపి తెల్వలె, పులుపు తెల్వలె, అంత మట్టే. ఇయ్యాల చేదు దొరికింది. అది గూడ నాకు దొరకంది ఈమెకు దొరికింది! నోరు చెడలేదే, నోరొచ్చింది!"

"రిక్షా నిలబడ్డది పెద్దత్తమ్మా..."

"నిలబడని. నూక ఉడికేదెంతసేపు? రిక్షాయనకు నీళ్లియ్యి."

ఈసారి నూక స్టీలు పళ్లెంలో ఆరింది. కిష్టయ్య ఎక్కిళ్ల మధ్యనే అట్టముక్కతో విసిరాడు. జారుగా ఉడికిన కిచిడిని అంబుబాయి తానే తెచ్చి తానే పెట్టింది. బాలమణి మొదటి చెంచా నాలుక మీద చాలాసేపు ఉంచుకుంది. మింగింది. నోరు తెరిచింది. ఇంకొకటి. ఇంకొకటి. గిన్నె సగానికి వచ్చాక చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉప్పు తక్కువైంది."

సారిక కళ్లు తుడుచుకుంటూ బయటికి వెళ్లి రిక్షా పంపించేసింది. రిక్షాయన గొణుక్కుంటూ పోవడం లోపలికి వినబడింది.

"ఇంత శేంగా చట్నీ, పల్లీల కారం, అంచుకు పెట్టరాదె?" అంది బాలమణి.

"నీ నోరు కాలిపోను, కామెర్లు మొన్న దిగి ఇయ్యాల చట్నీ! చూస్త, వచ్చే నెల చూస్త."

సారిక గిన్నె కడగడానికి వెళ్లాక, అంబుబాయి ఊరకే కూర్చుంది. ఆమె ఊరకే కూర్చుంటే బాలమణికి భయం.

"ఏమైందే?"

"నోట్ల పెట్టుకోని చూసిన బాలమణీ, రెండు సార్లు చూసిన. నాకు తెల్వలె. నా ముక్కు, నా నాలిక అన్ని ఆ చాటకే పోయినయి. రేపు ఇంకేం కలిపి పెడ్తనో. ఇగ నేనెట్ల వండాలె మీకు?"

బాలమణి ఆమె చెయ్యి తీసుకుంది. తునికాకు కత్తిరించి కత్తిరించి గట్టిపడిన వేళ్లు. "నువ్వు ఆకు కోస్తె నేను దారం కట్టలేదా? ఒక్కదానివే ఎన్నడన్న పూర బీడీ చేసినవా నా పక్కన? నువ్వు వండు. నేను రుచి చూస్త."

మర్నాటి నుంచి కిచిడి దించగానే మొదటి చెంచా పక్కింటికి పోతోంది. బాలమణి కళ్లు మూసుకుని, నాలుక మీద తిప్పి, "ఉప్పు" అనో "ఊఁ" అనో అంటుంది. ఊఁ అంటేనే వడ్డన. కొత్త పేలిక కూడా కుట్టింది అంబుబాయి. ఈసారి బెత్తెడు పొడుగున, చాట మేకున ఉంటే గాలికి ఊగేలా. అరుగు మీద కిష్టయ్య ఖాళీ గిన్నె పెట్టుకుని అదే అడుగుతున్నాడు, "వదినె, ఆనాటి కిచిడి మల్లెప్పుడు?"