ఫైన్ అని చెప్పు

గద్వాలలో మగ్గం నేసే నీలవేణికి ఇంగ్లీషు ముక్క ఒక్కటీ రాదంటే అబద్ధం. ఒక్క ముక్క వచ్చు. ఫైన్. చీర అంచులో పోగు తప్పినా, నూలూ పట్టూ కలిసే చోట దారం తేలినా సేటు కళ్లద్దాలు సర్దుకుని చూసి, "ఫైన్ పడ్తది నీలవేణీ" అంటాడు. అన్నంత పనీ చేసి కూలిలోంచి కోసేస్తాడు. పెళ్లయి వచ్చి మగ్గం గుంటలో కాళ్లు పెట్టిన నాటి నుంచీ ఆమె ఆ మాట వింటూనే ఉంది. అందుకే కూతురు లహరి వనపర్తి హాస్టల్ నుంచి మొదటిసారి ఫోన్ చేసి, "ఐయామ్ ఫైన్ మమ్మీ, థాంక్యూ" అన్నప్పుడు ఆమెకు సేటు గొంతే వినబడింది.

"అయ్యో, చేరి వారం గాలేదు, అప్పుడే ఫైనేసిండ్రా? ఏం తప్పు జేసినవే?"

అవతల పిల్ల కిసుక్కున నవ్వింది. పక్కన వార్డెన్ ఉన్నట్టుంది, చప్పున గొంతు మార్చుకుంది. "నో మమ్మీ, ఫైన్ మీన్స్..." అని ఏదో చెప్పబోయి, తెలుగులో చెప్పే వీల్లేక "బై మమ్మీ" అని పెట్టేసింది. ఆ పూట నీలవేణికి అన్నం సయించలేదు.

ఆ కాలేజీ రూలు అట్లాంటిది. ఆడపిల్లల దగ్గర ఫోన్లు ఉండకూడదు. ఆదివారం సాయంత్రం వార్డెనే తన ఫోన్ స్పీకర్లో పెట్టి పక్కన నిలబడుతుంది. ఇంగ్లీషులోనే మాట్లాడాలి. తెలుగు మాట దొర్లితే నిజంగానే ఫైన్, పైగా మర్నాడు ప్రేయర్లో అందరి ముందూ నిలబెడతారు. అమ్మానాన్నలకు ఇంగ్లీషు రాకపోతే అది వాళ్ల ఖర్మ. కన్నతల్లితో మాట్లాడనివ్వని చదువు ఏం చదువో, దానికే మురిసిపోయి పిల్లల్ని తోలే మనం ఏం మనుషులమో! చేర్చుకునే రోజు మాత్రం వాళ్లు అరచేతిలో వైకుంఠం చూపించారు. పదో తరగతి దాకా చదివిన నీలవేణి మొగుడు హనుమంతు ఆ వైకుంఠాన్ని కళ్లకద్దుకుని ఇంటికొచ్చాడు.

"రెండేండ్లు ఓపిక పట్టవే. నీ బిడ్డ దొరసాని లెక్క మాట్లాడ్తది," అన్నాడు పెళ్లాంతో.

దసరా సెలవులకు లహరి ఇంటికొచ్చాక గాని ఫైన్ సంగతి తేలలేదు. తల్లి నేస్తుంటే పక్కన కూచుని కండెలకు దారం చుడుతూ చెప్పింది.

"ఫైన్ అంటె బాగున్న అని గూడ అర్థమే అమ్మా. హౌ ఆర్ యూ అంటె ఎట్లున్నవ్ అని. ఐయామ్ ఫైన్ అంటె మంచిగున్న అని."

"గదేం భాషే! జుర్మానాకూ, మంచిగుండుడుకూ ఒకటే మాటనా?"

"ఇంకో పంచాయితి ఉన్నది ఇను. మా మల్లికార్జున్ సారేమో ఫైన్ అనాల్నంటడు. కొత్తగొచ్చిన రోజా మేడమేమో గది పాతవడ్డది, ఇప్పుడందరు ఐయామ్ గుడ్ అంటుండ్రు అంటది. గుడ్ అంటె మంచిదాన్ని అని, పానం మంచిగుందని గాదు, గ్రామర్ తప్పని సారు. లోకమంత తప్పేనా అని మేడమ్. సారుకొక తీరు, మేడమ్‌కొక తీరు చెప్పలేక మేము సస్తున్నం."

"మరి పానం బాగలేకుంటె ఏమనాలె?"

లహరి చేతిలో కండె ఆగింది. "ఏమనొద్దు. గా ఒక్కదాంట్ల ఇద్దరిదీ ఒకటే మాట. హౌ ఆర్ యూ అనేది ప్రశ్న గాదంట, పలకరింపంట. జరమొచ్చింది, కడుపు నొస్తుంది అని చెప్తె మర్యాద గాదంట."

నీలవేణి ముక్కున వేలేసుకుంది. పాలమూరు దిక్కున ఎవరినైనా ఎట్లున్నవని అడిగి చూడండి. మోకాళ్ల నొప్పితో మొదలుపెట్టి, కోడలి నోరు, బర్రె తన్నడం, బోరు ఎండటం దాకా చెప్పిగాని వదలరు. వినే ఓపిక లేనివాళ్లు అడగనే అడగరు. జవాబు అక్కర్లేకుండా అడిగే మర్యాద ఆమె ఎక్కడా చూడలేదు.

"నాకు గవన్ని తెల్వవు," అంది చివరికి. "నాకు ఫైన్ అంటె ఫైనే, ఏదో తప్పువడ్డట్టే. నువ్వు మంచిగుంటె గుడ్ అను. మంచిగ లేకుంటె ఫైన్ అను. నాకు సమజైతది."

లహరి ఎగిరి గంతేసినంత పని చేసింది. "వార్డెన్‌కు గూడ తెల్వదు గద!"

తల్లీకూతుళ్లు ఆ పూటంతా అదే ఆట ఆడారు. పప్పులో ఉప్పెక్కువైతే ఫైన్. కరెంటు పోతే ఫైన్. హనుమంతు బజారు నుంచి వచ్చి "ఏంది గా ఇకిలింపులు?" అన్నాడు. వాళ్లు ఒకరినొకరు చూసుకుని మళ్లీ నవ్వారు తప్ప చెప్పలేదు. ఆడవాళ్ల ముచ్చట్లు మనకెందుకులే అని అతనూ ఊరుకున్నాడు.

అది ఉత్త ఆటగా ఉండిపోలేదు. దీపావళి ముందు ఒక ఆదివారం పిల్ల ఫైన్ అంది. నీలవేణి మర్నాడు మొదటి బస్సుకే వనపర్తి వెళ్లి చూస్తే, మెట్ల మీద జారి పాదం బూరెలా పొంగి ఉంది. దవాఖానకు తీసుకుపోయి కట్టు కట్టించింది. "మేమెవరం చెప్పలేదే, మీకెట్లా తెలిసింది?" అని వార్డెన్ గుచ్చి గుచ్చి అడిగింది. కలలో కనిపించిందని బొంకింది నీలవేణి. ఆ తర్వాత ప్రతివారం "ఐయామ్ గుడ్ మమ్మీ" వినబడితే చాలు, మిగతా ఇంగ్లీషంతా ఆమెకు పాటలా హాయిగా ఉండేది.

కార్తీకంలో ఒక ఆదివారం సేటు కబురు పెట్టాడు. పెళ్లివారు ఊరికెళ్లే తొందరలో ఉన్నారు, చీర వెంటనే కావాలి. ఫోన్ హనుమంతు చేతికిచ్చి నీలవేణి చీర పట్టుకుని వెళ్లింది. సేటు అంచంతా వేలితో తడిమి తడిమి చూశాడు. వంక దొరకలేదు. పైసా కోయకుండా పంపించాడు. ఆమె ఇల్లు చేరేసరికి ఫోన్ వచ్చి పోయింది.

"బిడ్డ చేసిందా?"

"చేసింది. మంచిగున్నదంట. నీకు గూడ చెప్పమన్నది, బాగున్న అని."

"గుడ్ అన్నదా?"

"ఆఁ, గట్లనే ఏదో."

"గట్లనే అంటె? గుడ్డేనా?"

"ఏందే నీ చాదస్తం! బాగున్న అని ఇంగ్లీషుల చెప్పింది. నాకు గంతమాత్రం ఇంగ్లీషు రాదా?"

నిజమే, ఆయన చదువుకున్నవాడు. ఆ రోజు సేటు కూడా ఫైన్ వేయలేదు. అన్నీ కలిసొచ్చాయనుకుని ఆమె కడుపునిండా అన్నం తిన్నది.

బుధవారం పొద్దున వార్డెన్ ఫోన్ చేసింది. తెలుగులో మాట్లాడింది. ఫోన్లో ఆ నోట తెలుగు వినగానే నీలవేణి మగ్గం మీంచి లేచింది. అమ్మాయికి నాలుగు రోజులుగా జ్వరం, గోలీలు ఇచ్చాం, ఇప్పుడు పాలమూరు పెద్దదవాఖానకు తీసుకుపోతున్నాం, మీరు అక్కడికే రండి అంది. వీళ్లు వెళ్లేసరికి లహరికి తెలివి లేదు. డెంగీ అన్నారు. ముందే తెచ్చి ఉంటే బతికేదేమో అన్నారు. "ముందే" అన్న మాట అనడం డాక్టర్లకు ఎంత సులువు! పొద్దుగూకకముందే పిల్ల పోయింది.

పలకరించడానికి జనం వస్తున్నారు. వచ్చిన ప్రతి ఒక్కరికీ హనుమంతు అదే చెప్పుకుంటున్నాడు. నీలవేణి మొదట్లో ఏ మాటా వినే స్థితిలో లేదు. ఒక మధ్యాహ్నం మాత్రం ఆ మాటలు చెవిలో సీసం పోసినట్టు పడ్డాయి.

"ఆదివారం గూడ నాతోని మాట్లాడిందన్నా. ఐయామ్ ఫైన్ డాడీ అన్నది. మమ్మీ ఏదీ అనడిగింది. లేదంటె, మమ్మీకి ఫైన్ అని చెప్పు అన్నది. మర్చిపోకు డాడీ, ఫైన్ అని చెప్పు అని ఇంగ్లీషులనే మల్ల మల్ల అన్నది. అంత మంచిగ మాట్లాడిన పిల్ల..."

నీలవేణికి సమజైంది. పిల్ల చెప్పింది. వార్డెన్ పక్కన నిలబడి ఉండగానే, ఒళ్లు కాలిపోతుండగానే, తనకు చేరాల్సిన మాటను ఒకటికి పదిసార్లు చెప్పి పంపింది. ఈయన దాన్ని బాగున్న అని తెలుగు చేసి ఇచ్చాడు. మొగుడి చొక్కా పట్టుకుని గుంజి అరవాలనిపించింది. ఆయన మీద పుట్టిన అసహ్యానికి ఆమెకే భయమేసింది. ఆ తర్వాత తన మీద తనకు అంతకంటే ఎక్కువ పుట్టింది. ఆ ఇకిలింపులేందో అడిగిన రోజే చెప్పి ఉంటే ఏం పోయేది?

కాలేజీ నుంచి రోజా మేడమ్ ఒక్కతే వచ్చింది. చిన్న పిల్ల, చూస్తే లహరికి అక్కలా ఉంది. గడపలో నిలబడి ఎలా పలకరించాలో తోచక నలిగిపోయింది. రోజూ తిరిగే నోరు కదా, "హౌ ఆర్ యూ అమ్మా" అనేసి, వెంటనే నాలుక్కరుచుకుంది.

నీలవేణి తలెత్తి ఆమెను చూసింది. ఇది ప్రశ్న కాదు, పలకరింపు. జవాబు చెప్పడం మర్యాద కాదు. పక్కన హనుమంతు మోకాళ్ల మధ్య తల పెట్టుకుని కూచున్నాడు. బిడ్డ చివరిసారి తనతో సంతోషంగా మాట్లాడిందన్న ఒక్క మాట మీదే ఆ మనిషి బతుకుతున్నాడు. అర్థం చెబితే ఇక లేవడు.

"ఐయామ్ ఫైన్," అంది నీలవేణి. "థాంక్యూ."

హనుమంతు చివ్వున తలెత్తాడు. కళ్లనీళ్లతోనే అతని మొహంలో ఒక వెలుగు వచ్చింది.

"చూసిండ్రా మేడమ్, బిడ్డే నేర్పింది," అన్నాడు. "నాతోని గూడ గిట్లనే అన్నది. అచ్చం గిట్లనే."