పెద్దబడి బల్ల మీద నా కడుపుమంట

తప్పులుంటే దిద్దుకుని చదవండి. మా ఆయన పోయాక, అరవై దాటి అక్షరాలు నేర్చుకున్నాను. ఈ కాస్త రాయడానికి వారం పట్టింది. ఇక్కడి నుంచి మాట్లాడేది నేను కాదు, బల్ల.

నేను ఒక నల్లబల్లను. వేపచెక్కతో కనిగిరి వడ్రంగి నన్ను చేసి, నల్లరంగు పూసి, రాళ్ళపల్లె ప్రాథమిక పాఠశాలకు పంపాడు. ముప్ఫై ఏళ్ళలో నలుగురు మాస్టార్లు నన్ను తుడిచారు. రంగు పోయింది, నడిమికి పగిలాను. నా మీద ఏం రాసినా వెనక వరస పిల్లలకు ఆనదు.

కిలోమీటరు దూరంలో పెద్దబడి. అక్కడి ఆకుపచ్చ బల్ల తలపుకొస్తేనే నాకు కడుపుమంట. అదీ సర్కారు బడే, మాదీ సర్కారు బడే. అన్నీ దానికే ఎందుకు?

ఏ బడికి ప్రభుత్వం ఎంత ఇస్తోంది, అందులో న్యాయం ఎంత అని పరిశోధన చేసే శశిరేఖ గారు వస్తున్నారని కబురు వచ్చింది. ఆవిడ నివేదికను బట్టే ఈసారి సామాను పంచుతారట. మా మాల్యాద్రి మాస్టారు మంచివాడే. కాని బడికి ఎవరొచ్చినా, పెళ్ళిచూపులకు వస్తున్నట్టు నాలుగు వస్తువులు అరువు తెచ్చి సర్దుతాడు. ఆ ఆకుపచ్చదాన్ని ఆటోలో తెప్పించి నా మేకులకే తగిలించాడు. నన్ను వంటగది గోడకు చేరేశాడు. నా మేకులకు అది! కుళ్ళుకుని చచ్చాను.

వంట చేసే దీనమ్మ నన్ను చూసి, "ఏంది సారూ ఇది?" అంది.

"ఊరుకో దీనమ్మా, బడి పరువు."

"పరువా? వీళ్ళకన్నీ ఉండాయని రాసుకోని పోద్ది ఆయమ్మ. ఇంక మనకేం ఇస్తారు?"

"నువ్వేం చెప్పబాక!"

శశిరేఖ గారు ఆ బల్లను చూసి "బాగుంది" అని రాసుకుని, మంచినీళ్ళకు వంటగదిలోకి వచ్చారు. దీనమ్మ గ్లాసు అందిస్తూ, "అమ్మా, ఆడుండేది అరువు బల్ల. సాయంత్రం ఆటో ఎక్కి పుట్టింటికి పోద్ది. మాది ఇదిగో" అంది.

ఆవిడ నా పగులును వేలితో తడిమారు. అంత శ్రద్ధగా నన్ను ఎవరూ చూడలేదు. మురిసిపోయాను. అంతలో ఆవిడ పాతమాట కొట్టేసి, "బల్ల పనికిరాదు, కొత్తది ఇవ్వాలి" అని రాశారు. నిజం చెబితే పోయేది నేనేనని అప్పుడు తట్టింది.

"పరువు తీశావు గదమ్మా" అన్నాడు మాస్టారు, ఆవిడ వెళ్ళాక.

"నేను తియ్యలా సారూ. ఆ పరువును మీరే ఆటోలో ఎక్కించి తెచ్చారు, ఆటోలోనే పోద్ది."

మాస్టారు నవ్వాపుకోలేకపోయాడు.

దసరా సెలవులయ్యాక కొత్త బల్ల వచ్చింది. నిగనిగలాడే దాని ఒళ్ళు చూసి ఏడ్చాను. నేను వంటగదిలోనే ఉండిపోయాను. గిన్నెలు కడిగాక దీనమ్మ చేత మాస్టారు నా మీదే అక్షరాలు దిద్దించాడు. తరువాత తెలిసింది, పెద్దబడికి మూడు కొత్త బల్లలు వచ్చాయని.

నిన్న దీనమ్మ నా మీద వంకర అక్షరాలతో రాసింది: "శశిరేఖమ్మ గారికి. పెద్దబడికి మూడు. మాకు ఒకటి. ఎందుకని?"

రేపు కాగితం మీద ఎక్కించి టపాలో వేస్తుంది. కుళ్ళుకునేది నేనొక్కదాన్నే కాదన్నమాట.

కొమ్మతోటి దీనమ్మ
అరవై ఒక్క ఏళ్ళు
ఇప్పుడుండేది రాళ్ళపల్లె, బడి వెనక సందు