పైకప్పు దిగిన ఇల్లు

విజయనగరంలో బట్టలు కుట్టుకుని బతికే సత్యవేణి ఇంట్లో పైకప్పు కిందికి దిగుతోంది. వానాకాలంలో భుజాలదాకా వచ్చింది. ఇప్పుడామె పాకుతూ వెళ్లి పొయ్యి వెలిగిస్తుంది, లేదా అదీ మానేసి పడుకునే ఉంటుంది. కూతురు ధరణి తన జడ తనే వేసుకుంటుంది.

"గోడలకేటీ కాలేదే. డాక్టరమ్మకి చూపిద్దాం పద," అంటాడు భర్త పైడిరాజు.

డాక్టరమ్మ ఆమె వంగిన మెడ చూసి మాత్రలు రాస్తుంది. "కప్పు వెంటనే లేవదమ్మా, కొన్ని వారాలు పడుతుంది. తేడాగా ఉంటే నాకు చెప్పు. నీ అంతట నువ్వు మాత్రం ఆపకు."

మొదట కడుపులో తిప్పుతుంది. తర్వాత ఒక పొద్దున సత్యవేణి నిలబడి చీర కట్టుకుంటుంది. కప్పు లేచింది. ధరణికి రెండు జడలు వేస్తుంది. వీధిలోవాళ్ల జాకెట్లు మళ్లీ కుడుతుంది.

కప్పు ఇంకా లేస్తూనే ఉంటుంది. ఆమె నవ్వూ ఏడుపూ దానికి అంటుకుని పైకి పోతాయి. తనను పెంచి పెద్దచేసిన అక్క పోయిన రోజున అందరూ గుండెలు బాదుకుంటుంటే, సత్యవేణి శవం పక్కన కూర్చుని మెడెత్తి చూస్తుంది. ఏడుపు ఎక్కడో ఎత్తున, దూలానికి వేలాడుతోంది. నిచ్చెన వేసినా అందదు.

"సొంత అక్కకి చుక్క కన్నీరు రాల్లేదు, సూడండి," అంటుంది వదిన.

ఎవరికీ చెప్పకుండా సత్యవేణి మాత్రలు ఆపేస్తుంది.

తల తిరుగుతుంది. ఒంట్లో కరెంటు పాకినట్టవుతుంది. కొన్నాళ్లకు కప్పు ఒక్కసారిగా పడుతుంది. ఏడుపు చేతికందుతుంది గానీ, దాన్ని ఆపడం చేతకాదు. ఈసారి కప్పు ధరణి ఎత్తుకన్నా కిందికి వచ్చింది. పిల్ల నడుం వంచి తల్లికి గంజి తెస్తుంది, పాఠమూ వంగే చదువుకుంటుంది.

"ఏడుపు రావట్లేదని చెప్పుంటే మందు మార్చేదాన్ని కదమ్మా," అంటుంది డాక్టరమ్మ. "ఆపాలన్నా మెల్లమెల్లగా తగ్గించాలి."

"అది మందువల్లేనని తెలీలేదమ్మా. నా మనసే రాయైపోనాదనుకున్నాను. రాయికి మందెందుకని మానేసాను."

కొత్త మాత్రలతో కప్పు లేచి, ఉండాల్సిన చోట ఆగుతుంది. సత్యవేణి అక్కను తలుచుకుని కరువుతీరా ఏడ్చి, లేచి వంట చేస్తుంది. ధరణి నడుం మాత్రం లేవదు. బడి మైదానంలో, మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా వంగే నడుస్తుంది.

"తలెత్తవే తల్లీ. ఇక్కడ కప్పు లేదు."

"నీకు లేదమ్మా."

సత్యవేణి మోకాళ్లమీద కూలబడి కూతురు ఉన్నచోటికి దూరుతుంది. అక్కడ ఆకాశం పిల్ల నడుమెత్తులో ఉంది. ఎగరడానికి చోటులేక కొంగలు రెక్కలు ముడుచుకుని, మెడలు వంచుకుని, బారులుగా నేలమీద నడిచి వలసపోతున్నాయి.

"కొంచెం జరగమ్మా," అంటుంది ధరణి. "వాటికి దారియ్యి."